ప్యాడ్‌కు ఆయిల్ అంటితే: రుద్దాలా, కాల్చాలా, మార్చాలా?

ఇంట్లో సైకిల్ డిస్క్ బ్రేకులు సర్వీస్ చేసుకునేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. చైన్‌కు స్ప్రే కొడుతుంటే తుంపర వెనక డిస్క్ మీద పడుతుంది. లేదా డిస్క్‌ను రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లు తీయకుండానే బ్లీడింగ్, అంటే బ్రేక్‌లోని పాత ఆయిల్, గాలి తీసే పని మొదలుపెడతారు. ఆ తర్వాత లివర్ గట్టిగానే ఉంటుంది, బ్రేక్ కీచుమని అరుస్తుంది, సైకిల్ మాత్రం ఆగదు.

రోటర్, అంటే ఆ డిస్క్ గురించి టెన్షన్ అక్కర్లేదు. అది స్టీలు, ఆయిల్ పీల్చుకోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తెల్లగుడ్డకు మరక అంటనంత వరకు తుడిస్తే సరిపోతుంది. కిరోసిన్ వాడొద్దు, జిడ్డు వదులుతుంది. గ్లిసరిన్ కలిసిన హ్యాండ్ శానిటైజరూ పనికిరాదు.

చిక్కంతా ప్యాడ్‌తోనే. దాని మీది పదార్థంలో సన్నని రంధ్రాలుంటాయి, ఆయిల్ వాటిలోకి ఇంకిపోతుంది. అందుకే ఎంత ఆయిల్ పడిందన్న దానికంటే ఎంత లోతుకు వెళ్లిందన్నదే నాకు ముఖ్యం.

వేలి జిడ్డో, ఒకటి రెండు తుంపరలో అయితే రుద్దడమే మేలు. చదునైన టైల్ మీద 120 నంబరు ఎమెరీ పేపర్ పరిచి, ప్యాడ్‌ను సమానంగా ఒత్తుతూ రుద్దాలి. నల్లటి మెరుపు పోయి అంతటా ఒకేలా మసక రంగు తేలాక ఆపేయాలి. మాస్కు తప్పనిసరి, ఆ పొడి పీల్చకూడదు. రుద్దాక ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి.

కాల్చడం వీడియోల్లో బాగానే కనిపిస్తుంది. గ్యాస్ మంట మీద పెడితే లోపలి ఆయిల్ పొగై పోతుంది, నిజమే. మెటల్ ప్యాడ్ ఆ వేడిని కొంత తట్టుకుంటుంది. రెసిన్ ప్యాడ్‌లో పదార్థాన్ని పట్టి ఉంచే జిగురే మాడిపోతుంది, వెనక రేకు నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. పైగా బ్రేక్ క్లీనర్ కొట్టిన ప్యాడ్‌ను వేడి చేస్తే విషవాయువు రావచ్చు. వంటింట్లో ఈ పని అసలే వద్దు.

రాత్రంతా ఆల్కహాల్‌లో నానబెట్టడం, సబ్బునీళ్లలో మరిగించడం లాంటివీ కొందరు చేస్తారు. ఇంకిన ఆయిల్ విషయంలో వాటి మీద నాకు నమ్మకం లేదు.

బాగుచేసిన ప్యాడ్ వీధి చివరిదాకా వెళ్లొచ్చినప్పుడు చక్కగానే పట్టవచ్చు. అరకు ఘాట్‌లోనో, వికారాబాద్ అనంతగిరి దిగువకో వచ్చేటప్పుడు బ్రేక్ ఎడతెగకుండా వేడెక్కుతుంది. లోపల మిగిలిన ఆయిల్ అప్పుడు పైకి తేలుతుంది. బ్రేక్ ఎక్కువ అవసరమైన చోటే అది జారుతుంది. మామూలు రెసిన్ ప్యాడ్ల జత కొన్ని వందల రూపాయల్లో దొరుకుతున్నప్పుడు అంత రిస్క్ ఎందుకు? బ్లీడింగ్ ఆయిల్ తగిలినా, ముందు చక్రం బ్రేక్ అయినా నేను మార్చేయమనే చెబుతాను.

కొత్తవి వేసేముందు ఆయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోండి. ప్యాడ్లు అమరే క్యాలిపర్‌ను శుభ్రంగా తుడిచి, ప్యాడ్ల చోట బ్లీడ్ బ్లాక్ అనే అడ్డుముక్క పెట్టి, ప్యాడ్లను నెట్టే పిస్టన్ల పక్కన టిష్యూ ఉంచి, లివర్‌ను రబ్బరు బ్యాండుతో రాత్రంతా బిగించి ఉంచండి. పొద్దున టిష్యూ మీద తడి కనిపిస్తే సీల్ పోయినట్టే, ముందు ఆ లీక్ సంగతి చూడాలి. లేదంటే కొత్త ప్యాడ్లూ పాడవుతాయి. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది. ఇంతకుముందు ఎవరైనా అందులో డాట్ ఫ్లూయిడ్ అనే వేరే రకం బ్రేక్ ద్రవం పోసి ఉంటే సీళ్లు ఉబ్బి ఇలాగే కారతాయి.

రోటర్ మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే మెటల్ ప్యాడ్లు కొనొద్దు, అవి రోటర్‌ను త్వరగా అరగదీస్తాయి. కొత్త ప్యాడ్లు వేశాక, అవి రోటర్‌కు కుదురుకునేందుకు, గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి దాదాపు 20 సార్లు, చక్రం లాక్ కాకుండా, పూర్తిగా ఆగకుండా బ్రేక్ వేయండి. ముందు బ్రేక్‌కు, వెనక బ్రేక్‌కు విడివిడిగా ఇది చేయాలి. మొదటి ఘాట్ రైడ్‌కు ముందే, ట్రాఫిక్ లేని రోడ్డు మీద ఈ పని ముగించండి.