రెండు సెక్టార్ పదులు, ఒక గంగ ఒడ్డు

మాది గుంటూరు, బ్రాడీపేట. మా పేటలో ఎవరినైనా ఇల్లెక్కడ అంటే 4/14 అనో 2/7 అనో చెప్తారు. మొదటి అంకె లైను, రెండోది అడ్డరోడ్డు. ఆ రెండూ తెలిస్తే కరెంటు పోయిన రాత్రి కూడా ఇల్లు పట్టుకోవచ్చు. అందుకే గళ్ళు గీసి కట్టిన ఊళ్ళంటే మాకు లెక్కలేదు. ఆ ధీమాతోనే నవంబర్ ఆఖర్లో జైపూర్, చండీగఢ్, కాశీ పెట్టుకున్నాం. మావారు, డిగ్రీ రెండో ఏడు చదివే మా అబ్బాయి, డెబ్బై రెండేళ్ళ మా అత్తయ్యగారు, నేను. దారి తప్పితే కాశీలోనే తప్పుతాం అనుకున్నాం. తప్పింది చండీగఢ్‌లో.

జైపూర్ హాయిగా గడిచిపోయింది. 1727లో సవాయి జైసింగ్ కట్టించిన పాత ఊరు. తూర్పున సూరజ్‌పోల్ దగ్గర మొదలైన రోడ్డు పడమర చాంద్‌పోల్ దాకా తాడు పట్టి గీసినట్టు వెళ్తుంది. మధ్యలో చౌపడ్‌లు, అంటే నాలుగు రోడ్ల కూడళ్ళు. బజార్లో దుకాణాలకి వరస నంబర్లున్నాయి. జోహరీ బజార్‌లో గాజుల కొట్టు నంబరు రాసుకెళ్ళి ఎవరినీ అడక్కుండా దాని ముందు నిలబడ్డాను. "మన బ్రాడీపేటకే రంగేసినట్టుంది" అన్నారు అత్తయ్య. రెండు రోజులు, ఆటోలకి మొత్తం 740 రూపాయలు. ఎవరితోనూ గొడవ లేదు.

చండీగఢ్‌కి రాత్రి రైల్లో వెళ్ళి పొద్దున్నే దిగాం. హోటల్ బుక్ చేసింది నేనే. యాప్‌లో పెద్దక్షరాలతో చండీగఢ్ అని, దాని కింద సెక్టార్ 10 అని ఉంది. రోజుకి 2,400 చొప్పున రెండు రాత్రులకి 4,800 ముందే కట్టేశాను. స్టేషన్ బయట ఆటో అతనికి సెక్టార్ 10 అని చెప్పాను. 250 అన్నాడు, సరే అన్నాను. ఇరవై నిమిషాల్లో సెక్టార్ 10లో దించాడు. అతని తప్పేమీ లేదు.

అక్కడ ఆ హోటల్ లేదు. నా దగ్గరున్నది ఒక ఎస్‌సీఓ నంబరు. కింద దుకాణం, పైన ఆఫీసు ఉండే భవనాల వరసని అక్కడ అలా అంటారు. ఆ వరసంతా రెండుసార్లు తిరిగాం. మా అబ్బాయి మ్యాప్‌లో పిన్ పెడితే అది పార్కు మధ్యలో పడింది. చండీగఢ్ సంగతి నాకు అప్పుడు అర్థమైంది. సెక్టార్ అంటే 800 మీటర్లకి 1,200 మీటర్ల ముక్క. ఇళ్ళన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. పెద్ద రోడ్డు మీదకి ఇంటి గుమ్మం తెరుచుకోదు. కార్బూజియే అనే ఫ్రెంచి వాస్తుశిల్పి కావాలనే అలా గీశాడు, వేగంగా వెళ్ళే బళ్ళకి అడ్డు ఉండకూడదని. బళ్ళకి బాగానే ఉంది. పెట్టెలతో నడిచేవాడికి మాత్రం ఎటు చూసినా చెట్లు, ప్రహరీ గోడలు, ఒకేలాంటి రౌండ్ అబౌట్లు. అడుగుదామంటే మనిషి కనపడడు. పాన్ డబ్బా లేదు, ఇస్త్రీ బండి లేదు. అత్తయ్య సూట్‌కేస్ మీద కూర్చుని జంతికల డబ్బా తీసి, "ఏమ్మా, ఈ ఊళ్ళో మనుషులుండరా?" అన్నారు. మావారు బుకింగ్ కాగితం వైపు తప్ప ఎటూ చూడటం లేదు. ఆయన మాట్లాడకపోతే నాకు ఇంకా టెన్షన్.

చివరికి ఒక బంగళా గేటు దగ్గర వాచ్‌మన్ దొరికాడు. కాగితం చూసి నవ్వాడు. "ఇది పంచకుల సెక్టార్ 10. మీరున్నది చండీగఢ్ సెక్టార్ 10."

అదీ కథ. చండీగఢ్ పక్కనే హర్యానా వాళ్ళ పంచకుల ఉంది. అక్కడా సెక్టార్లే, నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇంకో పక్క పంజాబ్ వాళ్ళ మొహాలీ. వాళ్ళు చండీగఢ్ నంబర్లకి కొనసాగింపుగా వెళ్తూనే ఫేజ్‌లని ఇంకో లెక్క కూడా పెట్టుకున్నారు. మూడూ కలిసిపోయిన ఊళ్ళు, కలిపి ట్రైసిటీ అంటారు, కంటికి తేడా తెలీదు. ఇంకో ఆటోకి 300 పోసి అంత దూరం వెనక్కి వెళ్ళాం. దారిలో రైల్వే స్టేషన్ చుట్టుపక్కల నుంచే వెళ్ళాం. ఆ స్టేషన్‌కి పంచకుల వైపు కూడా ఒక ద్వారం ఉందట. అటు దిగి ఉంటే 150తో పోయేది.

హోటల్ రిసెప్షన్‌లో కుర్రాడిని, చండీగఢ్ అని ఎందుకు రాశారని అడిగాను. ట్రైసిటీ అంతా చండీగఢే మేడమ్ అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. పోనీ, ఒక రాత్రి డబ్బులైనా వెనక్కివ్వండి అన్నాను. కుదరదు, యాప్‌తో మాట్లాడుకోండి అన్నాడు. పైగా పన్నెండింటికి ముందే వచ్చామని 500 అదనం. వేన్నీళ్ళు ఏడు నుంచి తొమ్మిది దాకానే, మేం వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో పక్క భవనం గోడ, దాని మీద మూడు ఏసీలు. అత్తయ్య చన్నీళ్ళతోనే స్నానం చేసి వచ్చి ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది. మావారు మాత్రం, "నేను ముందే చెప్పాను" అన్నారు. ఆయన ముందు ఏమీ చెప్పలేదు.

రెండో రాత్రి వదిలేశాం. 2,400 పోతే పోయాయని చండీగఢ్ సెక్టార్ 22లో బస్టాండ్‌కి ఎదురు వరసలో గది తీసుకున్నాం, 1,900. మీరూ అక్కడే దిగండి. సెక్టార్ 17 బస్టాండ్, షాపింగ్, తిండి అన్నీ నడక దూరం. బుక్ చేసేటప్పుడు మాత్రం హోటల్ పేరు కింద పిన్‌కోడ్ చూడండి. 134తో మొదలైతే అది పంచకుల. నేను అంత కాగితం చదివి ఆ ఆరంకెలు చదవలేదు.

ఆ సాయంత్రం నుంచి ఊరు దారికొచ్చింది. మా అబ్బాయి ఒక కిటుకు కనిపెట్టాడు. పాత సెక్టార్లలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకదాని కింద ఒకటి ఉన్నవి కూడితే పదమూడు ఎక్కం వస్తుంది. 4, 9 కలిపితే 13. 9, 17 కలిపితే 26. 17, 22 కలిపితే 39. అన్నిచోట్లా ఈ లెక్క పనిచేయదు. తమాషా ఏంటంటే ఆ ఊళ్ళో చాలాకాలం పదమూడో సెక్టారే లేదు, 2020లో మనీమాజ్రాకి ఆ నంబరిచ్చారు. రోజ్ గార్డెన్ 16, రాక్ గార్డెన్ 1, పక్కనే సుఖ్నా సరస్సు. అన్నీ చూశాం, బాగున్నాయి. కానీ ఆ ఊరి మీద నా మనసు విరిగిపోయింది, నిజం చెప్పాలంటే సరస్సు కూడా సరిగ్గా చూడలేదు.

ఢిల్లీ వచ్చి వందే భారత్ ఎక్కితే ఎనిమిది గంటల్లో కాశీ. గోదౌలియా కూడలి దాకా టోటో, అంటే బ్యాటరీ ఆటో, 150. అక్కడ పోలీసులు అడ్డంగా బారికేడ్ పెట్టారు, ఇక నడకే. కేదార్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ళ సత్రంలో గది, రోజుకి 800. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనంలో ముద్దపప్పు. అత్తయ్య మొహం చండీగఢ్ తర్వాత మొదటిసారి విచ్చుకుంది.

గల్లీల్లో ఫోన్ పనికిరాదు. నాలుగంతస్తుల ఇళ్ళ మధ్య మూడడుగుల సందు. మ్యాప్‌లో నీలం చుక్క ఒకసారి గంగలో, ఒకసారి ఎవరింట్లోనో ఉంటుంది. మా అబ్బాయి మొదటి గంటలోనే చేతులెత్తేశాడు. అత్తయ్య మాత్రం మొదటిసారి నడిచేటప్పుడే గుర్తులు పెట్టుకున్నారు. గోడ గూట్లో సింధూరం పూసిన వినాయకుడు, తర్వాత కుళాయి, తర్వాత ఇత్తడి సామాన్ల కొట్టు, తర్వాత ఎప్పుడూ అడ్డంగా పడుకుని ఉండే నల్ల ఎద్దు. ఎద్దు లేచి వెళ్ళిపోతేనో అన్నాను. "అదెక్కడికి పోతుందమ్మా, దాని ఊరు అది" అన్నారు. మూడు రోజులూ అది అక్కడే ఉంది.

రెండో రాత్రి విశ్వనాథుడి దర్శనమయ్యేసరికి ఎనిమిదిన్నర. 2021 డిసెంబర్‌లో తెరిచిన కొత్త కారిడార్ విశాలంగా ఉంది, కానీ మేం లోపలికెళ్ళిన గేటు ఒకటి, బయటికొచ్చింది ఇంకొకటి. అరగంట తిరిగాం. ఒకే లస్సీ కొట్టు మూడుసార్లు వచ్చింది. మావారికి కోపం, అబ్బాయి ఫోన్‌లో నాలుగు శాతం చార్జింగ్. అంతలో వెనకనుంచి రామ్ నామ్ సత్య హై అంటూ పాడె. గోడకి అతుక్కుని దారిచ్చాం. వాళ్ళు మమ్మల్ని దాటగానే అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బయల్దేరారు. "వాళ్ళు పోయేది గంగకేగా, పదండి వెనకాలే."

నాకు ఒళ్ళు జలదరించింది, కానీ వెళ్ళాం. అయిదు నిమిషాల్లో మణికర్ణిక. కట్టెల వాసన, మంటలు, మెట్ల కింద గంగ. ఆవిడ చితుల వైపు ఒకసారి దణ్ణం పెట్టి, "గంగ ఎడం చేతి పక్కన ఉండాలి, అంతేగా" అన్నారు. అంతే. కాశీలో గంగ ఉత్తరానికి పారుతుంది, ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే. నీళ్ళు ఎడమవైపు పెట్టుకుని నడిస్తే దక్షిణానికి, అంటే కేదార్ వైపు వెళ్తున్నట్టు. కుడివైపుంటే రాజ్ ఘాట్ వైపు. ప్రతి ఘాట్ పేరూ గోడ మీద పెద్దక్షరాలతో రాసుంటుంది. దశాశ్వమేధం, దర్భంగా, చౌసట్టి, మానససరోవర్ అని అబ్బాయి చదువుతుంటే నడిచాం. ఎరుపు తెలుపు చారల మెట్లు కనపడితే కేదార్. ఆ పక్కదే విజయనగరం రాజుల ఘాట్. ఆ పేరు అక్కడ చదివితే ఎవరో మనవాళ్ళు ఎదురొచ్చినట్టుంది. వానాకాలంలో వెళ్తే ఈ దారి మునిగిపోయి ఉంటుంది, అప్పుడు గల్లీలే గతి. అప్పుడు ఇంటి నంబర్ల పలకలు చూసుకోండి. గుడి దగ్గర సీకే, దశాశ్వమేధం వైపు డీ, కేదార్ చుట్టూ బీ అక్షరాలతో ఉంటాయి. లేదా కాళ్ళకి పల్లం తగిలే వైపు నడవండి, అటే గంగ.

అసలు ఏమీ తెలీకపోయినా పర్వాలేదు, అడగడానికి గల్లీలో మనిషి ఉంటాడు. కేదార్ చుట్టుపక్కల పాలవాడు కూడా, "అమ్మా, ఇటు కాదు, అటు" అని తెలుగులో చెప్తాడు. పొద్దున కచోరీ కూర ప్లేటు 40. ఆకు దొన్నెలో పోసిన వేడి కూర నేను రెండోసారి పోయించుకున్నా అదనం అడగలేదు. చండీగఢ్ 500 గుర్తొచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున సత్రం వాకిట్లో నెల్లూరు దంపతులు ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. విశ్వనాథుడి గుడికి ఎటండీ అని అడిగారు. మా అబ్బాయి నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "ఎద్దు దాకా తిన్నగా వెళ్ళండి. దాని తోక వైపు తిరగండి." ఎద్దు రోజూ ఒకే వైపు తిరిగి పడుకుంటుందా అత్తయ్యా అని అడుగుదామనుకున్నాను. ఈలోగా సామాన్లు మోసే అతను వచ్చేశాడు, గోదౌలియా దాకా 200.