తాతల నాటి టాప్‌బ్రేక్ రివాల్వర్: కాల్చడం మేలా, దాచడం మేలా?

కార్వేటినగరం, పుంగనూరు వంటి పాత జమీందారీల చుట్టుపక్కల కొన్ని పెద్ద ఇళ్లలో రివాల్వరు వారసత్వంగా వస్తుంది. చాలా సార్లు అది టాప్‌బ్రేక్. పైనున్న కొక్కెం విడిపిస్తే గొట్టం ముందుకు వంగుతుంది, ఖాళీ తూటాలు వాటంతట అవే పైకి లేస్తాయి. దాన్నే వాడుకోవాలా, కాన్పూరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసే .32 రివాల్వరు (అంకె అంగుళాల్లో తూటా సైజు) కొనుక్కోవాలా? కాల్చే అవసరం ఉంటే కాన్పూరుదే మేలని నా అభిప్రాయం. అయితే పాతవన్నీ ఒకే రకం కావు.

మామూలు రివాల్వర్లలో తూటాల అరలుండే గుండ్రటి సిలిండర్ చుట్టూ ఉక్కు చట్రం పూర్తిగా ఉంటుంది. టాప్‌బ్రేక్‌లో కింద ఒక కీలు, పైన ఒక కొక్కెం, అంతే. పేల్చిన ప్రతిసారీ ఆ దెబ్బ వాటి మీదే పడుతుంది. మడతబందు అరిగిన తలుపులాగే ఇదీ క్రమంగా వదులవుతుంది.

ఈ విషయంలో బ్రిటిష్ కంపెనీ వెబ్లీ చేసిన రివాల్వరు గట్టిది. ఆ కంపెనీ .455 రివాల్వరును బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. దాని వెడల్పాటి కొక్కెం ఇప్పటికీ మెచ్చుకోదగ్గ పనితనం. ఐవర్ జాన్సన్ వంటి అమెరికన్ జేబు రివాల్వర్లు చవక సరుకు. పైగా 1909 ప్రాంతానికి ముందు వచ్చిన ఐవర్ జాన్సన్‌లు పాతకాలపు బ్లాక్ పౌడర్ (నల్లమందు) కోసం చేసినవి. ఈనాటి పొగరాని మందు ఒత్తిడి తీరు వేరు, కాబట్టి వాటిని కాల్చకపోవడమే మంచిది.

అసలు ప్రమాదం తూటా దగ్గర ఉంది. అరలో పట్టిన తూటా ఆ తుపాకీకి తగినదే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటా గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 14,500 పౌండ్లు, .38 స్పెషల్‌ది 17,000. స్పెషల్ తూటా పొడవు ఎక్కువ, లావు కొంచెం తక్కువ. అది పట్టేలా అరలు తొలిపించిన పాత రివాల్వర్లలో తూటా ఇత్తడి కేసు ఉబ్బుతుంది, కొన్నిసార్లు చీలుతుంది. అమెరికాలో .455 వెబ్లీల సిలిండర్ వెనుక భాగం చెక్కి .45 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) తూటాలు కాల్చేవారు. ఆ తూటా ఒత్తిడి 21,000. అంత భారం మోయడానికి ఆ తుపాకీని చేయలేదు. .32లోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1878 నాటి పొట్టి తూటా (.32 ఎస్ అండ్ డబ్ల్యూ) 1896 నాటి పొడవాటి తూటా (.32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్) అరలో పడుతుంది కానీ, పొట్టి అరలో లాంగ్ పట్టదు. పట్టేలా తొలిపించాలనే ఆలోచనే వద్దు.

తుపాకీ పరిస్థితి తెలుసుకోవాలంటే ముందు అరలన్నీ ఖాళీ అని కళ్లతో చూసుకోండి. కొక్కెం వేసి, గొట్టాన్ని, పిడిని చెరో చేత్తో పట్టుకుని మెల్లగా కదపండి. కీలు దగ్గర కటకటమంటే అరిగినట్లే. సిలిండర్ ముందుకూ వెనక్కూ జరిగినా, వెనకున్న హ్యామర్ (సుత్తి) ఎత్తినప్పుడు అర గొట్టానికి సరిగ్గా ఎదురు రాకపోయినా అనుమానించాలి. గుండు గొట్టం అంచుకు తగిలితే సీసం ముక్కలు పక్కకు ఎగజిమ్ముతాయి. గొట్టంలో వలయంలా ఉబ్బు కనిపిస్తే ఇక కాల్చే మాటే లేదు. ఇవేవీ కనిపించకపోయినా చివరి మాట లైసెన్సు ఉన్న ఆయుధ నిపుణుడిదే.

కాన్పూరు .32 కూడా టాప్‌బ్రేకే, వెబ్లీ వంశమే. కానీ ఉక్కు కొత్తది, కీలు బిగువుగా ఉంటుంది, అది ఏ తూటాకు చేసిందో స్పష్టంగా తెలుసు. చట్టపరంగానూ అదే సుఖం: .380, .455 సైనిక తూటాలు కాల్చగల రివాల్వర్లు ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ వర్గంలోకి వస్తాయి.

మరి పాతదాన్ని ఏం చేయాలి? ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక్కరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినదీ లెక్కలోకే వస్తుంది. మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకే చట్టంలో మినహాయింపు. కాబట్టి పేలే వెబ్లీ జ్ఞాపకంగా ఉంచుకున్నా లైసెన్సులో ఒక చోటు ఆక్రమిస్తుంది. రెండో తుపాకీ అవసరం లేని ఇంట్లో లైసెన్సు ఉన్న వెబ్లీని ఉంచుకోండి, నూనె రాయండి, కాల్చకండి. దానితో పాటు దొరికే పచ్చబడ్డ తూటాలను పరీక్షించే ప్రయత్నం చేయకుండా లైసెన్సు ఉన్న డీలరుకో, పోలీసు స్టేషనుకో సమాచారం ఇచ్చి, వాళ్లు చెప్పినట్లు అప్పగించండి.