పీక్ డిస్ట్రిక్ట్‌లో ఒక పల్లె పబ్బు: బీరుకు పూర్తి మార్కులు, ఆదివారం రోస్ట్‌కు సగమే

పీక్ డిస్ట్రిక్ట్ అంటే ఇంగ్లాండ్‌లో కొండలున్న ప్రాంతం. షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వెళ్లే హోప్ వ్యాలీ రైలు మార్గంలో, ఒక చిన్న స్టేషన్ దిగి కాసేపు నడిస్తే ఈ పబ్బు వస్తుంది. షెఫీల్డ్‌లో ఉద్యోగానికి చేరినప్పటి నుంచి ఏళ్ల తరబడి వెళ్తున్నాను. స్నేహితులతో కొండలెక్కి దిగినప్పుడు వెళ్లాను, పెళ్లయ్యాక ఇద్దరం వెళ్లాం, ఇప్పుడు పాపను తీసుకుని వెళ్తున్నాం. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి, వాటిని యజమానురాలికి ఎదురుగానే చెప్పాను కాబట్టి పబ్బు పేరు రాయడం లేదు.

ముందు బీరు సంగతి. ఈ పబ్బుకు అసలు బలం అదే. చేతి పంపుతో లాగే కాస్క్ ఏల్, అంటే పీపాలోంచి పోసే సంప్రదాయ బీరు, పీపాలో ఉండగా కూడా పులుస్తూనే ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. కింద సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. అందుకే మన ఊళ్లో తాగే బీరులా ఐసు చల్లగా ఉండదు, బుసబుసా పొంగదు. ఇండియా నుంచి వచ్చిన మావాళ్లు దాదాపు అందరూ మొదటి గుక్కకు మొహం చిట్లించారు. అలాంటివాళ్లకు నేను ముందు సగం పైంట్ (పైంట్ అంటే అర లీటరు కంటే కాస్త ఎక్కువ) మాత్రమే ఇప్పిస్తాను. నెమ్మదిగా తాగితే మాల్ట్ తీపి, హాప్స్ చేదు విడివిడిగా తెలుస్తాయి. బాగా చల్లగా ఉంటే ఆ తేడా నాలుకకు అందదు.

పీపా తెరిచాక గాలి తగులుతుంది, మూడు రోజుల్లో అయిపోవాలి. పల్లె పబ్బుకు కష్టమంతా ఇక్కడే. శనివారం నిలబడే చోటు ఉండదు, మంగళవారం నలుగురు కూడా రారు. ఈ యజమానురాలు చలికాలం రాగానే నాలుగు పంపుల్లో రెండింటికి బీరు పేరుండే బిళ్లలు వెనక్కి తిప్పేసి, రెండే నడుపుతారు. ఎంపిక తక్కువని కొందరు సణుగుతారు గానీ, నాకు మాత్రం ఆమె మీద గౌరవం పెరిగింది అక్కడే. పది పంపులుండి జనం లేని పబ్బులో తాగడం కంటే, రెండే పంపులున్న ఈ పబ్బులో తాగడం ఎంతో నయం.

ఇక్కడ తరచూ ఉండేది థార్న్‌బ్రిడ్జ్ కంపెనీ వాళ్ల జైపూర్ అనే ఏల్. పక్కనే బేక్‌వెల్‌లో తయారవుతుంది, 5.9 శాతం ఆల్కహాల్. పేరు చూసి సరదాపడి రెండో పైంట్ చెప్పేవాళ్లకు ఒక మాట: ఇక్కడ రోజూ తాగే బిట్టర్ అనే మామూలు ఏల్ 4 శాతం దగ్గర ఉంటుంది, ఇది అలాంటిది కాదు. కీత్లీ నుంచి వచ్చే టిమోతీ టేలర్ కంపెనీ ఏల్ లాండ్‌లార్డ్ ఉన్న రోజైతే నేను ఇంకోవైపు చూడను. ఉత్తరాది పద్ధతి ప్రకారం పంపు మూతికి సన్న రంధ్రాల మూత పెట్టి నురుగు గట్టిగా తెస్తారు. నురుగు మరీ ఎక్కువైతే గ్లాసు ముందుకు జరిపి నింపమంటే చాలు, మొహం ముడుచుకోకుండా నింపుతారు.

ఒకసారి వెనిగర్ వాసన వచ్చే పైంట్ ఇచ్చారు. వారాంతానికి కొత్తగా చేరిన కుర్రాడు ఏల్ అంటే ఇలాగే ఉంటుందన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. యజమానురాలు వచ్చి ఒక గుక్క రుచి చూసి, వెంటనే పారబోసి, ఆ పంపు ఆపేసి, వేరేది ఇచ్చారు. ఆ తర్వాత మేము వెళ్లినప్పుడు అదే కుర్రాడు అడగకముందే చిన్న గ్లాసులో రుచి చూపించాడు. ఆ రోజు నుంచి ఈ పబ్బు మా పబ్బు అయిపోయింది.

తిండిలో 'పై' (pie), అంటే పిండి పొరలో కూర పెట్టి కాల్చేది, బాగుంటుంది. గిన్నెలో కూర పోసి పైన పొర ఒకటి మూత వేసి 'పై' అనడం చాలా చోట్ల చూశాను. ఇక్కడ అడుగు, పక్కలు, పైన, అన్ని వైపులా పిండి పొర ఉంటుంది. స్టీక్ అండ్ ఏల్ పై బీఫ్‌తో చేసేది, తిననివాళ్లకు చికెన్ అండ్ లీక్ (ఉల్లికాడల్లాంటి కూర) పై ఉంది. కారం లేదని దిగులు పడేవాళ్లు బల్ల మీద ఉండే హెండర్సన్స్ రెలిష్ సీసా ఎత్తండి. షెఫీల్డ్‌లోనే తయారవుతుంది. అందులో చింతపండు, లవంగం, కారపు మిరప ఉంటాయి, వూస్టర్ సాస్‌లో ఉండే చేప ఉండదు. వేడి పై మీద ధారగా పోసుకుంటే మన నాలుకకు ప్రాణం లేచి వస్తుంది.

ఆదివారం రోస్ట్‌కు, అంటే కాల్చిన మాంసం, బంగాళాదుంపలతో పెట్టే ఆదివారం భోజనానికి మాత్రం నిలకడ లేదు. 12 గంటలకు వెళ్తే బంగాళాదుంపలు కరకరలాడుతూ, యార్క్‌షైర్ పుడ్డింగ్ (గుడ్లు, పాలు, మైదా కలిపి కాల్చేది, తీపి కాదు) పొంగి బాగుంటాయి. 2 దాటితే మాంసం ఎండిపోతుంది, పుడ్డింగ్ సాగుతుంది. అదే ధర, దాదాపు 19 పౌండ్లు. ఈ మాట చాలాసార్లు చెప్పాను, తలూపుతారు గానీ మారలేదు. తొందరగా వెళ్లేలా టేబుల్ బుక్ చేసుకోండి, లేకపోతే పై తినండి.

శాకాహారులకూ, బీఫ్ ముట్టనివాళ్లకూ అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. చట్ట ప్రకారం 14 రకాల అలెర్జీ పదార్థాల వివరాలు చెప్పాలి. బీఫ్ కొవ్వు ఆ 14లో లేదు. కాబట్టి ఆ పట్టిక చూసి ధైర్యపడకూడదు. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు చిప్స్ (ఇక్కడ అంటే వేడి ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటివి) చెప్పబోతుంటే, యజమానురాలే ఆపి, అవి బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే బీఫ్ కొవ్వులో వేయించినవని చెప్పారు. యార్క్‌షైర్ పుడ్డింగ్ కూడా అందులోనే కాలుస్తారట. గ్రేవీ సంగతి వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చారు. చివరికి ఓవెన్‌లో కాల్చిన పెద్ద బంగాళాదుంప, చీజ్, బీన్స్ పెట్టారు. బీరులోనూ చూసుకోవాలి: చాలా కాస్క్ ఏల్స్‌ను తేటపరచడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. అడిగితే ఏది వాడనిదో చెబుతారు. అత్తగారు వెళ్లేటప్పుడు యజమానురాలి చేతులు పట్టుకుని "చల్లగా ఉండమ్మా" అన్నారు.

సర్వీస్ కోసం బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రారు. టేబుల్ నంబర్ గుర్తుపెట్టుకుని బార్ దగ్గర చెప్పి, అక్కడే డబ్బు కట్టాలి. వరుస కనిపించదు గానీ ఎవరి ముందు ఎవరొచ్చారో బార్‌లో వాళ్లకు తెలుసు, తోసుకెళ్తే పక్కనున్నవాళ్లు నొచ్చుకుంటారు. మంచినీళ్లు అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది, మొహమాటపడక్కర్లేదు. కిండర్ స్కౌట్ కొండ ఎక్కి దిగిన బురద బూట్లతో రాళ్లు పరిచిన ముందు గదిలోకి రావచ్చు, కుక్కలూ ఉంటాయి. తివాచీ ఉన్న లోపలి గదికి మాత్రం బూట్లు విప్పాలి.

నాకు మిగిలిన పెద్ద అసంతృప్తి వంటగది సమయం. మధ్యాహ్నం 2:30కు మూసేస్తే మళ్లీ 5:30కే తెరుస్తారు, ఆదివారం సాయంత్రం అసలు వంట ఉండదు. చలికాలపు వేళలు వెబ్‌సైట్‌లో సరిగ్గా ఉండవు. కొండ దిగి ఆకలితో వచ్చిన చిన్నపిల్లకు క్రిస్ప్స్ ప్యాకెట్ (మన చిప్స్ ప్యాకెట్) తప్ప ఏమీ దొరకకపోవడం బాధగా ఉంటుంది. బయల్దేరే ముందు ఫోన్ చేయండి. తాగే ఉద్దేశం ఉంటే రైల్లోనే రండి, తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి, ఆదివారాలు రైళ్లు తక్కువ.