సాగిన కర్ణిక కణాలకు ఈ యాంప్లిఫయర్ చాలుతుందా?

గుండె శస్త్రచికిత్సలో రక్తాన్ని యంత్రానికి మళ్లించే గొట్టం అమర్చేటప్పుడు కుడి కర్ణిక కొస నుంచి తీసే చిన్న ముక్కే మా పనికి ముడిసరుకు. దాన్ని సన్నగా తరిగి, కాల్షియం లేని ద్రావణంలో కడిగి, కొల్లాజినేజ్ ఎంజైముతో విడదీస్తే చివరికి చేతికి దక్కే కడ్డీ ఆకారపు కణాలు కొద్దిగానే ఉంటాయి. అలాంటి ఒక్కో కణానికి గాజు పిపెట్ ఆనించి దాని విద్యుత్తును కొలవడానికి ఈ ప్యాచ్ క్లాంప్ యాంప్లిఫయర్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను. ఒక పెద్ద లోపం గురించి రాయవలసి ఉన్నందున తయారీదారు పేరు చెప్పడం లేదు.

మెచ్చుకోవలసినది ముందు చెబుతాను. పాత ప్యాచ్ యాంప్లిఫయర్లలో కొన్ని, వోల్టేజిని స్థిరంగా పట్టి ఉంచడానికి చేసిన సర్క్యూట్‌నే కరెంట్ క్లాంప్‌కూ (ప్రవాహాన్ని స్థిరంగా ఉంచి వోల్టేజిని కొలిచే పద్ధతికీ) వాడుకోవడం వల్ల, యాక్షన్ పొటెన్షియల్ (ఉత్తేజితమైన కణంలో పుట్టే వోల్టేజి అల) నిటారుగా లేచే భాగాన్ని వక్రీకరించేవి. ఇందులో వోల్టేజిని నేరుగా అనుసరించే సర్క్యూట్ విడిగా ఉంది. వ్యాధి వల్ల సాగి పెద్దవైన కర్ణికల కణాల్లో పీఠభూమి భాగం (వోల్టేజి లేచాక కాసేపు నిలిచే దశ) కిందికి జారి కనిపించినప్పుడు, అది కణం గుణమే తప్ప పరికరం చేసిన మాయ కాదని నిశ్చింతగా ఉండవచ్చు. కొలతలో కలిసే విద్యుత్ రొద, అంటే శబ్దం కూడా తక్కువే.

చిక్కంతా వోల్టేజి క్లాంప్‌లో, అంటే వోల్టేజిని స్థిరంగా ఉంచి ప్రవాహాన్ని కొలిచే పద్ధతిలో ఉంది. సాగిన మానవ కర్ణికల కణాల్లో రెండు ప్రవాహాలు, అంటే కణం ఉత్తేజితమైన వెంటనే బయటికి పోయే తాత్కాలిక పొటాషియం ప్రవాహమూ, పీఠభూమిని నిలబెట్టే కాల్షియం ప్రవాహమూ, తగ్గుతాయని 1994లో ఫ్రెంచ్ పరిశోధకులు చూపారు. ఈ తగ్గుదలను మొత్తం ప్రవాహంలో చూస్తే సరిపోదు. కణం పెద్దదైతే ప్రవాహం సహజంగానే ఎక్కువ ఉంటుంది కనుక, దాన్ని పొర క్యాపాసిటెన్స్‌తో (పొర విద్యుదావేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం, కణం పరిమాణానికి కొలత) భాగించి పోల్చాలి. సరిగ్గా అక్కడే ఈ పరికరం దెబ్బ తీస్తుంది. మామూలు అమరికలో దీని క్యాపాసిటెన్స్ సర్దుబాటు (పొర ఛార్జ్ అయ్యేటప్పుడు వచ్చే ప్రవాహపు ముల్లును రద్దు చేసే మీట) 100 పికోఫారడ్‌ల దగ్గర ఆగిపోతుంది.

ఒక సాయంత్రం బాగా సాగిన కర్ణిక నుంచి పొడవైన, వెడల్పైన కణం ఒకటి దొరికింది. మీటను చివరిదాకా తిప్పినా తెరపై చతురస్రపు పల్స్ అంచుల్లో ముళ్లు పోలేదు. సర్దుబాటును పూర్తిగా తీసేసి చూస్తే 10 మిల్లీవోల్టుల మెట్టుకు ముల్లు కింది వైశాల్యం 1.4 పికోకూలంబులు వచ్చింది, అంటే అసలు క్యాపాసిటెన్స్ 140. సాఫ్ట్‌వేర్ మాత్రం మీట చూపిన 100నే నమోదు చేసుకుని, 1400 పికోయాంపియర్ల ప్రవాహానికి సాంద్రత 10 బదులు 14 అని లెక్కగట్టింది. మేము వెతుకుతున్న తగ్గుదలను మాకు కనబడకుండా చేసే తప్పు ఇది! పైగా సిరీస్ నిరోధం (పిపెట్ నుంచి కణంలోకి వెళ్లే దారిలోని నిరోధం) 10 మెగాఓమ్‌లు ఉంటే అంత ప్రవాహానికి వోల్టేజిలో 14 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. దాన్ని సరిదిద్దబోయి దిద్దుబాటు శాతం పెంచగానే సర్క్యూట్ ఊగిసలాడి కణం చచ్చిపోయింది.

దారి లేకపోలేదు. హెడ్‌స్టేజ్‌లోని (పిపెట్‌ను పట్టి ఉంచే తొలి యాంప్లిఫయర్ భాగంలోని) ఫీడ్‌బ్యాక్ నిరోధాన్ని 500 నుంచి 50 మెగాఓమ్‌లకు మార్చితే పరిధి 1000 పికోఫారడ్‌లకు పెరుగుతుంది. శబ్దం హెచ్చుతుంది గానీ, వందల పికోయాంపియర్ల ప్రవాహాలకు అదేమంత అడ్డం కాదు. అయితే కణాన్ని పట్టిన తరువాత మార్చితే కుదుపు తగులుతుంది కాబట్టి ముందే మార్చుకోవాలి. ఇంత ముఖ్యమైన సంగతి మాన్యువల్‌లో అనుబంధంలో ఎక్కడో ఉంది. పరిధి దాటిందని సాఫ్ట్‌వేర్ ఒక్క హెచ్చరిక ఇచ్చి ఉంటే సరిపోయేది.

మామూలు పరిమాణపు కర్ణిక కణాలతో పనిచేసేవారు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. వ్యాధిగ్రస్త కణాలతో పనిచేసేవారు తక్కువ నిరోధపు అమరికతోనే మొదలుపెట్టి, ప్రతి కణం క్యాపాసిటెన్స్‌నూ వైశాల్యం నుంచి చేత్తో లెక్కించుకోవాలి. నేనైతే పాత రికార్డుల్లో సరిగ్గా 100 అని నమోదైన కణాలన్నిటినీ బయటికి తీసి మళ్లీ లెక్కవేస్తున్నాను.