రెస్క్యూ ట్రైనర్‌: నాలుగేళ్ల తర్వాత నా మాట

మాది ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీ. ఎమర్జెన్సీ టీమ్‌లో పన్నెండు మందిమి, లోపల ఇరుక్కుపోయినవాళ్లను తాళ్లతో బయటికి తీయడం నేర్పే ట్రైనర్‌ని వెతికే పని నా నెత్తిన పడింది.

మొదట కొటేషన్ తక్కువని ఒకాయన్ను పిలిచి దెబ్బతిన్నాం. రెండు రోజులు ఏసీ హాల్లో స్లయిడ్లు, ఆఖర్లో ఒక్కొక్కరు ఒకసారి తాడు పట్టుకొని దిగడం, గ్రూప్ ఫోటో, అందరికీ సర్టిఫికెట్లు. నెల తిరక్కముందే మాక్ డ్రిల్‌లో సిమెంట్ నిల్వ చేసే ఎత్తైన సైలోలోకి దించిన డమ్మీని పైకి లాగలేక ముప్పావు గంట తంటాలు పడ్డాం. డమ్మీ కాబట్టి సరిపోయింది.

ఇప్పటి సార్ ఫోన్‌లో రేటు చెప్పలేదు, "ముందు మీ మ్యాన్‌హోల్ చూడాలన్నా" అన్నారు. వచ్చి టేపు పెట్టి కొలిచి, మా స్ట్రెచర్ అందులో పట్టదని అక్కడికక్కడే తేల్చేశారు. అది కొని రెండేళ్లయింది, మాలో ఒక్కరికీ ఆ ఆలోచనే రాలేదు!

ఆయనకు ఇరాటా (తాడు మీద వేలాడుతూ చేసే పనికి సర్టిఫికెట్ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) లెవెల్ 3 కార్డు ఉంది, అందులో అదే పై మెట్టు. అది మూడేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది కాబట్టి తేదీ చూశాను, అంతకన్నా లాగ్‌బుక్‌లో ఏ పనిమీద ఎన్ని గంటలు తాడు మీద ఉన్నారో చదివాను. అయితే ఆ కార్డు తాడు పనికి, వరదకు కాదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగాక మా పైవాళ్లు వరద ట్రైనింగ్ కూడా కావాలని పట్టుబడితే, "అది నాకు రాదు, వేరేవాళ్లను చూసుకోండి" అనేశారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఒకరోజు పొద్దున గ్యాస్ మీటర్ ఆన్ చేస్తే ఆరుబయటే ఆక్సిజన్ 18.9 శాతం చూపించింది. ఉండాల్సింది 20.9, 19.5 కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు. బయట ఊపిరి బాగానే ఆడుతోంది కద సార్ అని మేం నవ్వుతుంటే మీటరే తప్పు చూపిస్తుంటే లోపల దాన్ని నమ్మలేమని ఆయన బ్యాగు సర్దేసి ఆ రోజు క్లాసు ఆపేశారు. మా మేనేజర్ చిందులు తొక్కాడనుకోండి. కన్‌ఫైన్డ్ స్పేస్ (సైలో, మ్యాన్‌హోల్ లాంటి ఇరుకు చోటు) చావుల్లో 60 శాతానికి పైగా కాపాడబోయి పోయినవాళ్లేనని అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది, మా మేనేజర్‌కి అదే చూపించాను.

లోపాలూ ఉన్నాయి. ఫీజు ఎక్కువ, నోట్సంతా ఇంగ్లీషు, కోపం వస్తే అందరి ముందూ తిట్టేస్తారు. పోయినసారి మా పాత తాళ్లను అడక్కుండానే కత్తితో కోసి పారేశారు. మళ్లీ జూలైలో వస్తారు, అప్పటికి కొత్తవి రాకపోతే గేటు దగ్గర్నుంచే వెళ్లిపోతానన్నారు. కొత్త తాళ్లు కొనమని పెట్టిన ఇండెంట్ ఇంకా పర్చేజ్ వాళ్ల టేబుల్ మీదే ఉంది.