కింది వ్యవస్థను కదిలించకుండా జింప్ 3.0: డెబియన్ మీద ఫ్లాట్‌ప్యాక్ అనుభవం

ఒక చిన్న పత్రికకు ముఖచిత్రాలు సిద్ధం చేయడం నా పని. గతంలో బొమ్మల అప్లికేషన్ కొత్త వెర్షన్ కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చుకోవలసి వచ్చేది. అలా మార్చినప్పుడు ఒకసారి ప్రింటరు మూడు రోజులు పనిచేయక సంచిక ఆలస్యమైంది. ఆ భయంతోనే 2023 జులైలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ 12 వేసుకున్నప్పుడు, రోజూ వాడే అప్లికేషన్లను ఫ్లాట్‌హబ్ అనే ఆన్‌లైన్ భాండాగారం నుంచి ఫ్లాట్‌ప్యాక్ రూపంలో, అంటే డెబియన్ సొంత ప్యాకేజీలతో కలపకుండా, విడిగా తెచ్చుకున్నాను.

ఆ నిర్ణయం విలువ 2025 మార్చిలో తెలిసింది. నేను బొమ్మలకు వాడే అప్లికేషన్ జింప్. దాని 2.10 వెర్షన్ వచ్చిన దాదాపు ఏడేళ్లకు, మార్చి 16న జింప్ 3.0 విడుదలైంది. స్థిరమైన విడుదలలో భద్రతా సవరణలు, తీవ్రమైన లోపాల దిద్దుబాట్లు తప్ప కొత్త సౌకర్యాలు చేర్చకపోవడం డెబియన్ పద్ధతి కనుక, డెబియన్ 12లో 2.10.34 అలాగే ఉండిపోయింది. నా కంప్యూటర్‌లోకి మాత్రం ఫ్లాట్‌హబ్ నుంచి 3.0 వచ్చింది, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం), ప్రింటరు డ్రైవరు, తెలుగు ఫాంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వేసిన ఫిల్టరును అసలు బొమ్మ చెడకుండా తర్వాత కూడా సవరించుకునే వీలు అందులో ఉంది. వెలుగునీడలు మార్చమని సంపాదకులు నాలుగోసారి అడిగినా, ఆ నెలలో పనంతా మళ్లీ మొదటి నుంచి చేయవలసిన అవసరం రాలేదు. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్లికేషన్లకూ వాటి కింద ఉండే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఇక సంబంధమే లేదని అప్పట్లో మిత్రులకు చెప్పాను. ఆ మాటను కొంత సవరించుకోవాలి. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం డెబియన్ అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ చేశాక, త్రీడీ అక్షరాల కోసం వాడే అప్లికేషన్ తెరిచిన వెంటనే మూసుకుపోయింది. ఫైలు పాడైందేమోనని, సెట్టింగులు చెడ్డాయేమోనని పూట గడిచిపోయింది. కారణం చివరికి గ్రాఫిక్స్ డ్రైవరులో దొరికింది. నా కార్డు తయారీదారు ఇచ్చే డ్రైవరులో కెర్నెల్‌తో కలిసి పనిచేసే భాగం డెబియన్ ద్వారా వస్తుంది. అప్లికేషన్ వాడుకునే భాగం ఫ్లాట్‌ప్యాక్‌లో విడిగా ఉంటుంది. ఈ రెండింటి వెర్షన్ ఒకటే కావాలి. మొదటిది మారింది, రెండోది పాతదే మిగిలింది. ఫ్లాట్‌ప్యాక్‌ను కూడా అప్‌డేట్ చేయగానే అంతా సర్దుకుంది. అప్పటి నుంచి ఆ రెండు అప్‌డేట్లనూ ఒకే పూట, పని ఒత్తిడి లేని రోజున వేస్తున్నాను.

నవంబరులో డెబియన్ 13కు మారినప్పుడు, ముందురోజు సగంలో ఆపిన ముఖచిత్రం అదే జింప్‌లో, అవే సెట్టింగులతో తెరుచుకుంది.

నాకు 512 జీబీ డిస్కు, ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నాయి. అప్లికేషన్‌తో పాటు దానికి కావలసిన రన్‌టైమ్ (అది నడవడానికి ఆధారమైన ఉమ్మడి ఫైళ్లు) కూడా వందల మెగాబైట్లు దిగుతుంది కాబట్టి, ఫోన్ డేటా మీద ఆధారపడేవారికి ఈ ఏర్పాటును ఇంత ధైర్యంగా సూచించలేను. బ్రౌజరుకు భద్రతా సవరణలు డెబియన్ నుంచే అందుతున్నందున, దాన్ని నేనూ విడిగా తెచ్చుకోలేదు.