లాంగె జైట్‌వెర్క్: విజయవాడ ఎండల్లో నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ చేతి వాచీకి గంటల ముల్లు లేదు, నిమిషాల ముల్లూ లేదు. ఎడమ కిటికీలో గంట, కుడి కిటికీలో నిమిషం. 9:52 అయితే 9, 52 అనే కనిపిస్తాయి. బ్యాటరీ లేదు, అంతా స్ప్రింగులూ గేర్లే. జర్మనీలోని గ్లాస్‌హూటె నుంచి ఎ. లాంగె అండ్ జోనె అనే వాచీల కంపెనీ 2009లో తెచ్చిన తొలి జైట్‌వెర్క్ ఇది. డ్రెస్డెన్ ఒపెరా హౌస్‌లో వేదిక పైనున్న అంకెల గడియారం దీనికి ప్రేరణ. అది ఐదు నిమిషాలకోసారి మారుతుంది, ఇది నిమిషానికోసారి.

కష్టమంతా ఆ మారడంలోనే ఉంది. మామూలు వాచీలో ముల్లు మెల్లగా పాకుతుంది, దానికి పెద్ద బలం అక్కర్లేదు. ఇందులో నిమిషమంతా కదలకుండా ఉన్న అంకెల చక్రం ఒక్కసారిగా గెంతాలి. పది నిమిషాలకోసారి రెండు చక్రాలు, గంట మారేటప్పుడు మూడూ కలిసి గెంతాలి. ఆ బరువు బ్యాలెన్స్ మీద, అంటే అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే చక్రం మీద పడితే టైము చెడుతుంది. అందుకని మధ్యలో ఇంకో చిన్న స్ప్రింగ్ పెట్టారు. కీ ఇచ్చినప్పుడు చుట్టుకునే మెయిన్ స్ప్రింగ్ దాన్ని నిమిషానికోసారి బిగిస్తుంది, బ్యాలెన్స్‌కు ఎప్పుడూ ఒకే మోతాదులో బలం అందుతుంది. గెంతులో మిగిలిన ఊపును గాలిలో గిర్రున తిరిగే చిన్న రెక్క పీల్చుకుంటుంది. 59 నుంచి 00కి మారే క్షణాన చెవి దగ్గర పెట్టుకుని వినండి. నాకైతే ఈ వాచీలో అంతకన్నా ఇష్టమైనది లేదు.

ఇంత బలం ఖర్చయ్యేసరికి ఒకసారి కీ ఇస్తే నడిచేది 36 గంటలే. శనివారం ఉదయం 8కి కీ ఇచ్చి పక్కన పెడితే ఆదివారం రాత్రి 8కి ఆగుతుంది. రోజూ ఒకే వేళకి, చేతి నుంచి తీశాకే కీ ఇవ్వండి. చేతికి ఉండగా తిప్పితే కీ కాడ మీద పక్క నుంచి ఒత్తిడి పడుతుంది. గట్టిగా తగలగానే ఆపేయాలి. 2022లో వచ్చిన రెండో తరం 72 గంటలు నడుస్తుంది. దానికి మామూలు వాచీలో 4 ఉండే చోట ఉన్న బటన్ నొక్కి వదిలితే గంట ఒక్కటే మారుతుంది. తొలి మోడల్‌లో ఆ సౌకర్యం లేదు. సింగపూర్ వెళ్తే రెండున్నర గంటలు, అంటే 150 నిమిషాల గెంతులు చేత్తో తిప్పాల్సిందే. తరచూ విదేశాలు తిరిగేవారు రెండోదే కొనండి.

టైము పెట్టేటప్పుడు నిమిషం గెంతగానే, సెకన్ల ముల్లు 60 మీద ఉండగా కీ లాగండి, ముల్లు ఆగుతుంది. రాబోయే నిమిషం అంకె పెట్టి, ఫోన్‌లో సరిగ్గా ఆ నిమిషం పడగానే కీని లోపలికి నొక్కండి. నా వాచీ రోజుకు నాలుగైదు సెకన్లు ముందుకెళ్తుంది. ఉన్నట్టుండి నిమిషాల్లో పరిగెత్తితే స్పీకర్ లేదా బ్యాగ్ అయస్కాంతం పక్కన పెట్టారేమో చూడండి. అయస్కాంతం తీసేయించడం క్షణాల పని.

చీకట్లో అంకెలు కనపడవు. మందం 12.6 మి.మీ., బిగుతు చొక్కా కఫ్ కిందికి దూరదు.

మన ఊళ్లో దీనికి అసలు శత్రువు చెమట. 30 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ అంటే చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకుల వరకే. మే నెలలో ఎండ నుంచి ఏసీ గదిలోకి వెళ్లినప్పుడు అద్దం లోపల ఆవిరి పట్టిందంటే రబ్బరు సీలు పోయినట్టే. వెంటనే సర్వీసుకు పంపాలి. బీసెంట్ రోడ్‌లో పట్టీ మార్పించండి, అంతే. వెనక మూత మాత్రం తీయనివ్వకండి. లోపలి ప్లేట్లు జర్మన్ సిల్వర్, మన పెళ్లిళ్లలో కానుకలిస్తారే, ఆ పేరే. రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. పూత ఉండదు కాబట్టి ఒక్క చెమట వేలిముద్ర పడినా మచ్చ నిలిచిపోతుంది. మొసలి తోలు పట్టీ ఇక్కడి వేసవి ఒక్కటి దాటడమే కష్టం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రబ్బరు లైనింగ్ ఉన్న పట్టీ వేసి, అసలుది విప్పి దాచుకోండి.